నాన్నగారి బండి

పశువుల కొట్టంలోనో, ధాన్యపు బస్తాల వెనుకనో పాత మోటారు సైకిలు ఒకటి దుమ్ముకొట్టుకొని ఉన్న ఇళ్ళు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. అమ్మబోతే పాత ఇనుము ధర. ఉంచబోతే చోటు దండగ. అయినా దాన్ని బయట పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఎందుకంటే దాన్ని నడిపిన మనిషి లేడు, బండి మాత్రం ఉంది. అలాంటి బండి ఒకటి నన్నొక చిక్కు ప్రశ్నలో పడవేసింది. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివినవాణ్ణి గనుక జవాబు నాకు తెలుసనే అనుకున్నాను. ఆ జవాబు నేననుకున్నంత సులభంగా దొరకలేదు. అందుకే ఈ వారం ఆ సంగతి మీ ముందు పెడుతున్నాను.

నేను లోగడ పనిచేసిన విచారణలో ఒక బడిపంతులుగారు ఉన్నారు. ఆయన తండ్రి కాంపౌండరు. 1968లో కొన్న జావా బండి మీద చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి సూదిమందు వేసి వచ్చేవారట. ఆయన పోయాక ఇరవై ఏళ్ళకు పైగా బండి కొట్టంలోనే ఉండిపోయింది. రెండు మూడేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో పంతులుగారు దాన్ని వరండాలోకి ఈడ్చి, పాత దుప్పటి పరచి, ఒక్కొక్క నట్టూ విప్పడం మొదలుపెట్టారు. సాయంత్రం అటు వెళ్ళినప్పుడల్లా నేనూ ఒక కుర్చీ వేసుకొని కూర్చునేవాణ్ణి.

జావా నడిపినవారికి దాని వింతలు గుర్తుండే ఉంటాయి. కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా. బండి స్టార్టయ్యాక దాన్ని లోపలికి నొక్కి ముందుకు తిప్పితే అదే గేరు అవుతుంది. సిలిండరు ఒక్కటే అయినా పొగగొట్టాలు రెండు. టూ స్ట్రోకు ఇంజను గనుక పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి. పంతులుగారు ఇవన్నీ చిన్నప్పుడు కళ్ళతో చూసినవే, చేత్తో పట్టింది మాత్రం ఇప్పుడే.

పిస్టను సిలిండరులో పట్టేసి ఉంది. తుప్పుపట్టిన బోల్టును పానా పెట్టి బలంగా తిప్పితే దాని తల తెగిపోతుందని మొదటి వారంలోనే తెలిసింది. కిరసనాయిలు పోసి రాత్రంతా నాననివ్వాలి. అప్పటికీ రాకపోతే ఆ చుట్టూ ఉన్న అల్యూమినియం భాగాన్ని మెల్లగా వేడిచేయాలి. ఇనుము కంటే అల్యూమినియం ఎక్కువగా వ్యాకోచిస్తుంది గనుక బోల్టు పట్టు వదులుతుంది. విప్పిన ప్రతి ముక్కనూ ఒక డబ్బాలో వేసి, అది ఎక్కడిదో చీటీ రాసి అంటించాలి. పాత బండి బాగుపడటానికి ముందు, బాగుచేసేవాడి తొందరను మాన్పిస్తుంది.

సెలవులు అయిపోవచ్చేసరికి బండిలో చాలా భాగం మారిపోయింది. సిలిండరును లేత్ షాపులో బోరు చేయించి కొత్త పిస్టను, రింగులు వేయించారు. బేరింగులు, వైర్లు, గొలుసు, టైర్లు, చక్రాల ఊచలు అన్నీ కొత్తవే. తీసేసిన పాత సామానంతా వరండా మూలన గోనెసంచిలో ఉంది. ఒక సాయంత్రం పంతులుగారు చేతులు తుడుచుకుంటూ, “ఫాదరుగారూ, ఇంత మార్చాక ఇది నాన్నగారి బండేనంటారా?” అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా ఎనిమిదో తరగతి చదివే ఆయన కూతురు, “తాతయ్య బండి ఆ సంచిలో ఉందిగా!” అంది.

ఆ పిల్ల తత్వశాస్త్రం చదవలేదు గాని, పెద్ద తత్వవేత్తలు వేసిన ప్రశ్నే వేసింది. గ్రీకు వీరుడైన థీసియస్ ఎక్కి వచ్చిన ఓడను ఏథెన్సు ప్రజలు భద్రపరిచారనీ, పుచ్చిన పలకను తీసి కొత్త పలక వేస్తూ పోగా, అది ఆ ఓడే అని కొందరూ కాదని కొందరూ వాదించుకున్నారనీ ప్లూటార్క్ వ్రాశాడు. 17వ శతాబ్దంలో ఇంగ్లాండుకు చెందిన హాబ్స్ దానికి మరొక ముడి వేశాడు. తీసేసిన పాత పలకలన్నీ ఒకడు దాచి, అదే వరుసలో మళ్ళీ ఓడ కడితే అప్పుడు ఏది అసలు ఓడ? మన వైపు మిళిందుడనే రాజును నాగసేనుడనే బౌద్ధ భిక్షువు ఇలాగే అడిగాడు: ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా? ఇవేవీ విడిగా రథం కావు, అన్నీ తగినట్టు కూడినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం అని వారిద్దరి మాటల్లో తేలింది.

అయితే పేరు చాలునా? జావా చరిత్రే చూడండి. 1929లో ప్రాగ్ నగరంలో యానెచెక్ అనే పరిశ్రమాధిపతి వాండరర్ అనే జర్మన్ కంపెనీ నుండి మోటారు సైకిలు తయారీని తీసుకొని, రెండు పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి బండికి పేరుపెట్టాడు. 1961 నుండి మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం వాటిని మన దేశంలో తయారుచేసింది. 1973 నుండి అక్కడి బండ్లు యెజ్డీ పేరుతో వచ్చాయి. 1996లో కర్మాగారం మూతపడింది. 2018లో జావా పేరు మళ్ళీ బజారులోకి వచ్చింది, కాని కంపెనీ వేరు, ఇంజనూ వేరు. పేరు ఒక్కటే దేన్నీ ‘అదే’ చేయదు.

నేను చదువుకున్న పాఠం ప్రకారం, వస్తువు యొక్క పదార్థం మారినా దాని రూపం, అంటే దాని అమరిక, అది చేసే పని, ఎడతెగకుండా నిలిస్తే అది అదే వస్తువు. నదిలో నీరు మారుతున్నా నది అదే అని అరిస్టాటిల్ నాటి నుండీ చెబుతారు. పంతులుగారితో అదే చెప్పాను. “సంచిలో ఉన్నది ఇనుము. దుప్పటి మీద ఉన్నది బండి” అన్నాను. ఆయన తృప్తిపడ్డారు. నేనూ తృప్తిపడ్డాను. ఆ తృప్తి రెండు వారాలే నిలిచింది.

మొదటి చిక్కు ఆయన తల్లిగారి వల్ల వచ్చింది. పెట్రోలు ట్యాంకుకు కుడిప్రక్క ఒక సొట్ట ఉంది. కాంపౌండరుగారు ఒక వానాకాలం రాత్రి రోగిని చూడటానికి వెళ్తూ కాలువగట్టు మీద జారిపడినప్పుడు పడిన సొట్ట అది. దాన్ని పూడ్పించి రంగు వేయించాలని కొడుకు ఉద్దేశం. “దాన్ని ముట్టుకోకు నాయనా. మీ నాన్న పడింది నిజమే గదా” అన్నారు ఆ తల్లి. ఆ మాట మీద సొట్ట ఉండిపోయింది. పాత వాహనాలను కాపాడే అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన టురిన్ నియమావళి కూడా ఆ తల్లి పక్షమే. వాహనం మీద దాని చరిత్ర వేసిన గుర్తులను గౌరవించమనీ, కొత్తగా చేసి వేసిన భాగాలను పాతవాటి నుండి వేరుగా తెలిసేలా గుర్తుపెట్టమనీ అది చెబుతుంది.

రెండవ చిక్కు పెద్దది. ఇంజను కేసు పగిలి ఉంది. ఎప్పుడో గొలుసు తెగి లోపల చుట్టుకొన్నప్పుడు పగిలినట్టుంది. అతికించినా నిలవలేదు. పాత సామాన్ల దుకాణంలో మరో జావా కేసు దొరికింది. అయితే ఇంజను నంబరు ఉండేది కేసు మీదే. మెకానిక్కు, “దీని నంబరు రుద్దేసి మీ నంబరు కొట్టిస్తాను, అందరూ చేసేదే” అన్నాడు. అప్పటికే పట్నం నుండి ఒకాయన వచ్చి, అసలు ఇంజనుతో ఉంటే మంచి ధర ఇస్తానని చెప్పి వెళ్ళాడు. పైగా 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, పెద్ద మార్పులు జరగని బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేకమైన నంబరు పలక ఇస్తారు. అదీ వస్తుందని ఆశ.

పంతులుగారు చెడ్డమనిషి కారు. ఆయన వాదం కూడా తేలికైనది కాదు. “ఫాదరుగారూ, బండి మాది. చాసిస్ మాది. పిస్టను మార్చినా బండి అదేనన్నది మీరే. కేసు మారిస్తే మాత్రం వేరవుతుందా? అదే అయినప్పుడు నాన్నగారి నంబరు దాని మీద ఉంటే తప్పేమిటి?”

నా పాఠమే నాకు ఎదురు తిరిగింది. ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మరునాడు నేను ఆయనతో చెప్పింది ఇది. “మాస్టారూ, పిస్టను మాట్లాడదు. నంబరు మాట్లాడుతుంది. పిస్టను మార్చినప్పుడు మీరు ఒక వస్తువును మార్చారు. నంబరు కొట్టిస్తే ఒక సాక్ష్యాన్ని మారుస్తారు. ‘నేను 1968 నుండి ఈ బండిలోనే ఉన్నాను’ అని ఆ కేసు చేత అబద్ధం చెప్పిస్తారు. మరో సంగతి. మీరు రుద్దబోయే నంబరు కూడా ఎవరో ఒకరి నాన్నగారిదే. ఆ బండి దొంగలు ఎత్తుకుపోయినదైతే, దాని యజమానికి మిగిలిన ఒకే ఒక్క ఆనవాలు అది.”

చట్టమూ ఇదే దారి చూపుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంజను మార్చదలచుకుంటే రవాణాశాఖకు తెలిపి, ఆ మార్పును ఆర్.సి.లో నమోదు చేయించుకోవచ్చు. మార్పు తప్పు కాదు, మార్పును దాచడమే తప్పు. నంబరు చెరిపి మరొకటి కొట్టడం నేరం.

పంతులుగారు వెంటనే ఒప్పుకోలేదు. వారం రోజులు నాతో ముభావంగానే ఉన్నారు. తరువాత పాత సామాన్ల దుకాణం నుండి రసీదు తెచ్చి, రవాణాశాఖ కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగి, కొత్త ఇంజను నంబరు నమోదు చేయించారు. సంగతి విన్న పట్నం ఆసామి మళ్ళీ రాలేదు. ‘వీఏ’ పలకకు ఆయన దరఖాస్తే చేయలేదు. నాన్నగారి నంబరున్న పగిలిన కేసును శుభ్రంగా తుడిచి బీరువా మీద పెట్టారు. బండి మాత్రం ఇప్పుడు నడుస్తోంది.

కనుక, ప్రియ పాఠకులారా, నా పాఠాన్ని నేను కొంచెం సవరించుకున్నాను. మార్చినదాన్ని మార్చామని చెప్పగలిగినంతవరకు అది నాన్నగారి బండే. ఏదీ మారలేదని చెప్పిన రోజున, ప్రతి భాగమూ పాతదే అయినా, అది వేషం వేసిన బండి. బాగుచేయడం వేరు, బాగున్నట్టు కనిపింపజేయడం వేరు. మొదటిది పోయినవారిని గౌరవించడం. రెండవది వారి పేరును మన లాభానికి వాడుకోవడం.

ఇది బండ్లకు మాత్రమే చెందిన సంగతి కాదని మీకు తెలుసు. పెద్దలు పోయాక వారి గురించి మనం చెప్పే కథల్లోనూ సొట్టలు పూడుస్తాం, నంబర్లు దిద్దుతాం. పాత అప్పు, పాత పొరపాటు, అన్నదమ్ముల మధ్య చెప్పకుండా మారిన గట్టు, వీటిమీద రంగు వేసి ‘అంతా అసలుదే’ అని పిల్లలకు అప్పగిస్తాం. ఆ రంగు ఎప్పుడో ఒకనాడు ఊడుతుంది. అప్పుడు పిల్లలు మంచిని కూడా నమ్మరు.

మీ కొట్టంలోనూ ఒక బండి ఉంటే, ఈ సెలవుల్లో బయటికి తీయండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. విప్పిన ప్రతి ముక్కకూ చీటీ రాయండి. పని ముగిశాక, ఏది తాతగారి నాటిదో, ఏది మీరు వేసిందో ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఆర్.సి.తో పాటు భద్రపరచండి. ఏదో ఒకనాడు మీ మనుమలు అడుగుతారు. వారికి చెప్పడానికి బండీ ఉండాలి, నిజమూ ఉండాలి.