ఎవరి ఖాతాలో పొదుపు?

స్విట్జర్లాండ్ నుంచి తిరిగొచ్చిన వారానికి పక్కింటి పిన్నిగారు మా అమ్మని అడిగారు, "ఏం చూశారు వదినా అక్కడ?" అని. మంచుకొండలూ సరస్సులూ కొండెక్కే రైళ్ళూ ఏదో ఒకటి చెబుతుందనుకుని నేను పేపరు చదువుతూ వింటున్నాను. అమ్మ కాసేపు ఆలోచించి, "వాళ్ళ పొయ్యి భలే ఉంటుందమ్మా. మంటే కనపడదు. నున్నటి అద్దం. ఇలా తుడిస్తే చాలు, అలా అయిపోతుంది" అంది. అందరం నవ్వాం. ఆ నవ్వు అక్కడితో అయిపోయింది గానీ, మాట మాత్రం నాలో ఉండిపోయింది.

ఏడు రోజుల ప్రయాణం అది. అమ్మ, మా ఆవిడ, పదకొండేళ్ళ మా అమ్మాయి, నేను. ఫ్రాంకు అప్పట్లో వంద రూపాయలకి కాస్త అటూ ఇటూగా ఉంది. గుండ్రటి అంకె కావడంతో మనసులో గుణించుకోవడం మరీ సులువైపోయింది. కాఫీ ఐదు ఫ్రాంకులంటే ఐదొందలు. మామూలు భోజనం పాతికంటే రెండున్నర వేలు, అదీ ఒక్కరికి. మొదటి రోజు జ్యూరిక్‌లో ఒక రెస్టారెంట్ బయట పెట్టిన మెనూ బోర్డు ముందు నిలబడి నలుగురం చదివి, ఏమీ మాట్లాడుకోకుండా ముందుకి నడిచాం.

ఖరీదైన ప్రయాణాల్లో మనం తిండి దగ్గరే ఎందుకు చెయ్యి బిగిస్తామా అని తర్వాత ఆలోచించాను. విమానం టిక్కెట్లూ, బసా, రైలు పాసులూ అన్నీ ఇంట్లో కూర్చుని నెలల ముందే కొనేస్తాం. అక్కడ అడుగు పెట్టేసరికి ఆ ఖర్చు ఖర్చులాగే అనిపించదు, జరిగిపోయిన విషయం. సాగదీయడానికైనా కుదించడానికైనా చేతిలో మిగిలేది తిండి ఒక్కటే. యూంగ్‌ఫ్రావ్‌యోహ్‌కి ఇంటర్లాకెన్ నుంచి రానూపోనూ పూర్తి టిక్కెట్టు 200 ఫ్రాంకుల పైమాటే. దాని దగ్గర తడబడనివాణ్ణి ఐదు ఫ్రాంకుల కాఫీ దగ్గర తడబడ్డాను. మన పొదుపుకి పెద్ద అంకెలంటే భయం ఉండదు, కళ్ళ ముందు జేబులోంచి తీయాల్సిన చిన్న అంకెలంటేనే భయం.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమైనా ఉందా? విదేశానికి వెళ్ళి పులిహోర తినేవాళ్ళని చూసి నవ్వే అలవాటు మనలో ఉంది. నేనూ నవ్వినవాణ్ణే. కానీ ఆ దేశంలో పొదుపుగా తినడం పరాయివాళ్ళ పద్ధతేమీ కాదు. అక్కడ ఊరూరా కనపడే మిగ్రోస్ దుకాణాలు 1925లో ఐదు లారీలతో మొదలయ్యాయి. కాఫీ, బియ్యం, పంచదార వంటి ఆరు సరుకుల్ని వీధుల్లో తిప్పుతూ చవగ్గా అమ్మాలని గాట్లీబ్ డుట్‌వైలర్ అనే ఆయనకి వచ్చిన ఆలోచన అది. సరిహద్దు దాటి జర్మనీ వెళ్ళి సరుకులు తెచ్చుకునే స్విస్ కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. జ్యూరిక్ వీధుల్లో 1200కి పైగా నీటి ధారలున్నాయి, దాదాపు అన్నీ తాగే నీళ్ళే. కొండలెక్కేవాళ్ళు సంచిలో రొట్టే జున్నూ పెట్టుకుని వచ్చి, బెంచీ మీద కూర్చుని తిని, సీసాలో నీళ్ళు నింపుకుని పోతుంటారు. మన దగ్గరా అంతే కదా. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో ఏ మజిలీలో ఏ సరుకులు దొరుకుతాయో శ్రద్ధగా రాసుకుంటూ పోయాడు. దారిలో వండుకు తినడం మన రక్తంలోనే ఉంది. కాబట్టి ఎక్కడ తిన్నాం, ఎంతలో తిన్నాం అన్నది అసలు ప్రశ్న కాదని నాకనిపిస్తుంది.

మరి అసలు ప్రశ్న ఏమిటి? దాన్ని నా చేత మొదట అడిగించింది మా అమ్మాయి.

జ్యూరిక్‌లో మేం దిగిన హోటల్లో పొద్దుటి టిఫిన్ గది అద్దెలోనే కలిసి ఉంది. ఎంత కావాలంటే అంత తినొచ్చు. మొదటి రోజు తినడం అయ్యాక నాలుగు బన్నులూ రెండు అరటిపళ్ళూ కాగితపు రుమాలులో చుట్టి మా ఆవిడ సంచిలో పెట్టాను. అటూ ఇటూ చూసి మరీ పెట్టాను. అది చూసి అమ్మాయి, "అడిగి తీసుకోవచ్చు కదా నాన్నా" అంది. "ఎంతైనా తినొచ్చని వాళ్ళే అన్నారుగా. ఇప్పుడు తింటే ఏంటి, మధ్యాహ్నం తింటే ఏంటి?" అన్నాను. వినడానికి సబబుగానే ఉంది. మర్నాడు అది నాతో చెప్పకుండా వెళ్ళి అక్కడ పనిచేసే ఆవిణ్ణి అడిగొచ్చింది. కావాలంటే మధ్యాహ్నానికి పొట్లం కట్టిస్తారట, దానికి విడిగా ఎనిమిది ఫ్రాంకులట.

అంటే నిన్న నేను ఊరికే వచ్చిందనుకున్నదానికి ఒక ధర ఉంది. ఆ ధర నాకు తెలియదన్నది నిజమే. తెలుసుకోకుండా ఉండాలనే నేను అడగలేదన్నది అంతకన్నా నిజం. అలా అటూ ఇటూ చూసినప్పుడే నాకు జవాబు తెలుసన్నమాట.

ఆ రోజు రెండు పొట్లాలకి డబ్బు కట్టాను. దాంతో నా నీతి లెక్క సరిపోయిందని కూడా అనుకున్నాను.

తర్వాతి ఐదు రోజులూ లౌటర్‌బ్రునెన్ లోయలో వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. మూడొందల మీటర్ల ఎత్తు నుంచి దూకే జలపాతం ఆ ఇంటి ముందుగది కిటికీలోంచి కనపడుతుంది. వంటగది వెనకవైపు. బియ్యం, పప్పు, చింతపండు గుజ్జు, పోపు సామాను, రెండు రకాల పచ్చళ్ళు హైదరాబాద్ నుంచే తెచ్చుకున్నాం. మన దేశం నుంచి పాలపదార్థాలు ఆ దేశంలోకి తేకూడదు గనక నెయ్యి సీసా ఇంట్లోనే వదిలేశాం. అమ్మ మొదటి సాయంత్రమే సూపర్‌మార్కెట్‌లో వెన్న కొనిపించి కాచేసింది. ఇల్లంతా కమ్మటి వాసన. "ఇక్కడి వెన్న మంచిదేరా" అంది. ఆ పూట అందరం సంతోషంగా తిన్నాం, అందులో అబద్ధం లేదు.

యూంగ్‌ఫ్రావ్‌యోహ్ రోజున పొద్దున్నే రైలెక్కాలి. పైన 3454 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ స్టేషన్‌కి 1912 నుంచీ రైలు నడుస్తోంది. కొండని లోపల్నుంచి తొలుచుకుంటూ పోతుంది. పైన రెస్టారెంట్లున్నాయి, మన భోజనం పెట్టేది కూడా ఒకటుంది. అక్కడ ఎందుకు తినాలి, మన డబ్బాలు మనకున్నాయిగా అనుకున్నాం. పులిహోర, పెరుగన్నం, బంగాళదుంప వేపుడు. తెల్లటి హిమానీనదాన్ని చూస్తూ తిన్నాం. ఫోటోలు తీసుకున్నాం. తిరిగి చూసేసరికి అమ్మ బెంచీ మీద కూర్చునే నిద్రపోయింది. ఎత్తు పడలేదేమో అనుకుని కంగారుగా లేపాను. "ఏం లేదురా, నాలుగున్నరకి లేచాను కదా" అంది. నేను లేచింది ఆరున్నరకి.

కిందకి దిగుతున్నంతసేపూ మా ఆవిడ మాట్లాడలేదు. రాత్రి గిన్నెలు కడుగుతూ మాత్రం ఒకటే మాట అంది, "మేం ఇంతదూరం వచ్చింది వంటగది మార్చుకోడానికా?"

నేను లెక్కలు రాసుకునే మనిషిని. ఆ ఐదు రోజులూ రెండుపూటలా బయట తినుంటే, మనిషికి పూటకి పాతిక చొప్పున 1000 ఫ్రాంకులు అయ్యేది. సరుకులకైంది 240. మిగిలినది 760, అంటే సుమారు 76 వేల రూపాయలు. ఈ అంకె కింద రెండు గీతలు కూడా గీశాను. అమ్మ రోజుకి మూడున్నర గంటలు పొయ్యి దగ్గర ఉంది, ఐదు రోజులకి పదిహేడున్నర గంటలు. ఆ అంకె నా పుస్తకంలో ఎక్కడా లేదు. మా ఆవిడ కూరలు తరిగినదీ గిన్నెలు కడిగినదీ అసలు లెక్కకే రాలేదు. 76 వేలూ నేను పొదుపు చేశానని రాసుకున్నాను. నిజానికి నేను చేసిందల్లా ఖర్చుని ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి మార్చడం.

దానగుణం గురించి రాస్తూ అరిస్టాటిల్ దాన్ని దుబారాకీ పిసినారితనానికీ నడుమ నిలబెడతాడు. మనకి గుర్తుండేది ఆ నడిమి దారి సంగతే. కానీ ఆయన ఇంకో మాట కూడా చేరుస్తాడు. ఎవరికి ఎంత ఇవ్వాలన్నదే కాదు, ఎక్కడినుంచి తీసుకోవాలన్నది కూడా ఆ గుణంలో భాగమే. పొదుపుకీ ఇదే వర్తిస్తుందని నాకనిపిస్తుంది. నేను కాఫీ మానేస్తే ఆ ఐదు ఫ్రాంకులూ నా నోటి దగ్గరివి. రొట్టె దాచుకుంటే అవి హోటలు యజమానివి. అమ్మ నాలుగున్నరకి లేస్తే అవి అమ్మ నిద్రలోవి. పుస్తకంలో మూడూ ఒకే వరసలో, ఒకే సిరాతో కనపడతాయి. హోటలుకి రేటు కార్డు ఉంది గనక నా తప్పు ఒక్క రోజులో బయటపడింది. అమ్మకి రేటు కార్డు లేదు.

"అదేం మాట? ఆవిడ ఇష్టంగానే చేసింది కదా" అనొచ్చు ఎవరైనా. నిజమే, ఎవరూ బలవంతపెట్టలేదు. "నేనుండగా బయట కొనడమేమిట్రా, డబ్బు దండగ" అని అమ్మే అంది. బయటి తిండి పడదనీ అంది. వండి పెట్టడంలో ఆవిడకి ఒక గొప్ప ఉంది, దాన్ని జాలిగా చూసే హక్కు నాకు లేదు. కానీ ఆ మాట ఆవిడ ఎప్పుడంది? మెనూ బోర్డు ముందు మా మొహాలు చూశాక. అవసరం ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు చెప్పిన ఇష్టం ఎంతవరకు ఇష్టమో చెప్పడం కష్టం. అడిగితే ఇప్పుడూ అదే చెబుతుంది. కాబట్టి అడగడం ఒక్కటే సరిపోదు. వండకపోయినా ఎవరికీ ఏ ఇబ్బందీ లేని రోజు ఒకటి ముందు ఉండాలి. ఆ రోజు కూడా అమ్మ వండితే అప్పుడది ఇష్టం.

అలాంటి పూట మాకు ఒక్కటే దొరికింది, అదీ మేం అనుకుని చేసింది కాదు. అపార్ట్‌మెంట్ తాళాలు ఇచ్చేశాక ఇంటర్లాకెన్‌లో రైలుకి రెండు గంటలు టైముంది. సూపర్‌మార్కెట్ వాళ్ళ సెల్ఫ్ సర్వీస్ రెస్టారెంట్‌కి వెళ్ళాం. అమ్మకి గుడ్డూ మాంసం లేకుండా రోస్టి చెప్పాం, బంగాళదుంప తురుముతో ఎర్రగా కాల్చే అట్టు అది. చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, "ఉప్పు చాల్లేదు" అంది. తర్వాత మొత్తం తింది, నిదానంగా, కిటికీలోంచి బయటకి చూస్తూ. ఆ ఏడు రోజుల్లో అమ్మ మధ్యలో లేవకుండా భోజనం ముగించడం నేను చూసింది అప్పుడే.

ఆ 76 వేలు ఏమయ్యాయని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఖర్చు కాని డబ్బు కళ్ళకి కనపడదు, దేంట్లోనో కలిసిపోతుంది. అందరం ఎప్పుడూ బయటే తినాలని నేననడం లేదు. అంత స్తోమత మాకు లేదు, అంత ఆకలీ లేదు. రొట్టే జున్నూ కొనుక్కుని బెంచీ మీద కూర్చుంటే ఎవరి నిద్రా పోదు. ఉప్మా నాకూ వచ్చు. కొత్తగా నేర్చుకున్నది ఒకటే. ఇంకోసారి ఎక్కడికైనా వెళ్తే, ఇంట్లో కూర్చుని టిక్కెట్లు కొనే రోజునే అమ్మ పొయ్యి వెలిగించని పూటలకి కూడా డబ్బు తీసి పక్కన పెట్టాలి. అప్పుడు అది కూడా విమానం టిక్కెట్టులా జరిగిపోయిన ఖర్చవుతుంది, కాఫీ కప్పు ముందు నేను గుణించుకునే అంకె కాదు.

అంత డబ్బు లేకపోతే రోజులు తగ్గించుకుంటాం. పక్కింటి పిన్నిగారు ఈసారి అడిగినప్పుడు అమ్మ చెప్పడానికి పొయ్యి కాక ఇంకోటి ఉండాలి.