ఎదుట ఒక మనిషి

ఒంటరిగా కూర్చోవడం నాకెందుకంత ఇష్టమో చాలా ఏళ్లు నన్ను నేను అడగలేదు. కోయంబత్తూరు పీళమేడులో మా మేడమీది గదిలో, తెల్లవారకముందే చాప పరుచుకుని గోడకెదురుగా జాజెన్‌లో, అంటే జెన్ ధ్యానంలో, కూర్చునేదాన్ని. పుస్తకాలు చదివి నేర్చుకున్నదే. గంట కొట్టేది ఫోను. నడుము వాలినా, మనసు ఎటో పోయినా చూసేవాళ్లు లేరు. ఆ హాయికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకున్నాను.

ఎవరైనా గురువు మాట ఎత్తితే నా సమాధానం సిద్ధంగా ఉండేది. మా అమ్మ పుట్టిల్లు మదురైలో. అక్కడ మీనాక్షి గుడి దక్షిణ గోపురానికి దగ్గర్లోనే చొక్కప్ప నాయకన్ వీధి. 1896 జూలైలో ఆ వీధిలోని ఒక ఇంట్లో, వెంకటరామన్ అనే 16 ఏళ్ల కుర్రవాడు మరణభయం ముంచుకొస్తే నేలమీద పడుకుని, చచ్చేదెవరని తనలో తానే వెతికి తేల్చుకున్నాడు. కొన్ని వారాలకే ఇల్లు విడిచి తిరువణ్ణామలై చేరాడు. ఆయనే రమణ మహర్షి. ఆ ఇల్లు ఇప్పుడు రమణ మందిరం. మదురై వెళ్లినప్పుడల్లా అక్కడ కాసేపు కూర్చుని, ఆయనకు లేని గురువు నాకెందుకు అనుకునేదాన్ని.

ఇప్పుడు తరచి చూసుకుంటే సిగ్గేస్తుంది. ఆ కుర్రవాడు దేన్నీ దాచుకోకుండా మృత్యువుకు ఎదురుగా నిలిచాడు. నేనేమో ఎవరి కంటా పడకుండా ఉండటానికి ఆయన్ని అడ్డం పెట్టుకున్నాను. అరుణాచలం కొండే తన గురువని ఆయన చెప్పిన మాట నాకు తెలుసు. ఆయన చుట్టూ ఎందరో చేరారని, 1907లో ఆయనకు రమణ మహర్షి అని పేరు పెట్టింది మన కావ్యకంఠ గణపతి ముని అని కూడా తెలుసు. నాకు పనికొచ్చిన ముక్కనే తీసుకున్నాను.

కొడైకెనాల్ కొండదారిలో పెరుమాళ్‌మలై దగ్గర బోధి జెన్‌డో అనే జెన్ ధ్యానకేంద్రం ఉంది. 1996లో దాన్ని స్థాపించిన ఆమా సామి జెస్యూట్ ఫాదర్. బర్మాలో తమిళ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. రమణాశ్రమం ఆయన్ను ఆకర్షించింది. కొంతకాలం భిక్షమెత్తుకుంటూ ఏకాంతవాసం కూడా చేశారు. అంతటితో ఆగక జపాన్ వెళ్లి, కామకురాలో యమదా కోఉన్ రోషి దగ్గర శిష్యరికం చేశారు. బోధించే అనుమతి 1982లో వచ్చింది. ఏకాంతం రుచి అంత బాగా ఎరిగిన మనిషి గురువు కోసం సముద్రం దాటడమే నన్ను ఆ కొండకు పంపింది.

అక్కడ మౌనంగా రోజుల తరబడి సాగే సెష్షిన్‌లో మొదట తగిలింది మోకాళ్ల నొప్పి. ఇంట్లో అయితే లేచిపోయేదాన్ని. పక్కనే ఒక పెద్దావిడ కదలకుండా కూర్చున్నారు కాబట్టి నేనూ కదలలేదు. అది పౌరుషమేనా? మొదట అంతే. తర్వాత తర్వాత, నేను కదిలితే ఆవిడ నిశ్చలత చెదురుతుందన్న ఎరుక కలిగింది. ఇన్నేళ్ల నా కూర్చోవడంలో మరొకరి బాగు గురించిన ఆలోచన రావడం అదే మొదలు.

దోకుసాన్ అంటే గురువు ఎదుట ఒక్కరమే కూర్చుని సాధన గురించి విన్నవించుకోవడం. కోఆన్ అంటే తర్కానికి అందని జెన్ ప్రశ్న. వాటిలో 'ము' అనేదాని గురించి నేను చదివిందంతా చక్కగా అప్పగించాను. గురువు ఓపికగా విన్నారు. చేతిగంట మోగింది. ఇక వెళ్లమని దానర్థం. ఆ రాత్రంతా కోపం. ఎవరిమీదా అని వెతుక్కుంటే, లోపల మెచ్చుకోలు కోసం చెయ్యి చాచి కూర్చున్న మనిషి కనబడింది. మేడమీది గదిలో ఆమె ఏనాడూ నాకు కనబడలేదు. గోడ ఆ పని చెయ్యలేదు. అందుకు ఎదుట ఒక మనిషి ఉండాలి.

ఎదుట మనిషి ఉండాలన్నది మా ఇంటి భాషలోనూ చూశాను. మా అవ్వకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. బడిలో తమిళం, బజారులో తమిళం. అయినా నాయకరాజుల కాలంనాటి మా పాత తెలుగు ఆమె నోట చివరిదాకా నిలిచింది. ఇంటి నిండా ఆ మాటకు బదులిచ్చేవాళ్లు ఉండబట్టే నిలిచింది. మా చుట్టాల్లో తెలుగిళ్లు లేని ఊళ్లకు ఒంటరిగా వెళ్లి స్థిరపడ్డవాళ్ల ఇళ్లలో మనవల నాటికి అది పోయింది. సాధనా అంతేనని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

గురువుకు తలవంచితే చాలని మాత్రం అనను. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కో జెన్ సెంటర్‌లో పీఠాధిపతి నడవడిక బయటపడినప్పుడు ఆయన్ని నిలదీసింది అక్కడి సంఘమే. అడిగేవాళ్లు లేని గురువు, అడిగేవాళ్లు లేని నాలాంటి ఒంటరి సాధకురాలికంటే ప్రమాదం. నా గొప్పను నేను నమ్మితే చెడేది నేను. ఆయన గొప్పను ఆయన నమ్మితే చెడేది ఎందరో. అందుకే బుద్ధుణ్ణి, ధర్మాన్ని శరణన్నవాళ్లు సంఘాన్నీ శరణన్నారు.

ఇప్పటికీ తెల్లవారుజామున ఒంటరిగానే కూర్చుంటాను. నెలకోసారైనా నలుగురితో కలిసి కూర్చుంటాను, నా సాధనను ఒకరి ముందు విప్పి చెప్పుకుంటాను. పీళమేడులోనో, మదురై మాసి వీధుల్లోనో నాలాగే తలుపు వేసుకుని కూర్చునేవాళ్లు ఉంటే, ఒక్కసారి ఆ తలుపు తీసి రండి. మదురై నుంచి కొడైకెనాల్ బస్సెక్కితే పెరుమాళ్‌మలైలో దిగవచ్చు.