వాసనకి పట్టా ఎవరిస్తారు?

మా అమ్మమ్మ దాచుకున్న వెండి అత్తరుదాని ఒకటి మా ఇంట్లో ఉంది. కరీంనగర్ ఫిలిగ్రీ పని, సన్నటి వెండి తీగని మెలితిప్పి అల్లింది. అత్తరు ఎప్పుడో ఆవిరైపోయింది. గిన్నె మా ఊరిది, అత్తరు ఎక్కడిదో ఎవరూ అడగలేదు. ఈమధ్య ఆ ప్రశ్న తిరగబడి నన్ను పట్టుకుంది: వాసన మన అడవిదీ, సీసా బయటిదీ అయితే?

ఇప్పపువ్వునే తీసుకుందాం. ఎండాకాలం మొదట్లో ఆదిలాబాద్ అడవుల్లో రాత్రిళ్లు రాలుతుంది. తెల్లారేసరికి గోండు, కొలాం ఆడవాళ్లు గంపలతో చెట్ల కింద ఉంటారు. అది తిండి, సారా, పూజ. వాసన తియ్యగా, బరువుగా, కాస్త పులిసినట్టు ఉంటుంది. పులి తన హద్దు చెప్పడానికి చిమ్మే ద్రవంలో బాస్మతి బియ్యపు వాసన అణువు ఉందని 1990లో ఆర్.ఎల్. బ్రహ్మచారి బృందం రాసింది. తర్వాత అదే అణువు ఇప్పపువ్వులోనూ దొరికింది. పులికీ, అన్నానికీ, పువ్వుకీ మధ్య చుట్టరికం!

యూరప్ పెర్ఫ్యూమరీకి పువ్వు తప్పనిసరి కాదు. 1882లో పాల్ పార్కే 'ఫుజేర్ రాయల్'లో ల్యాబ్‌లో చేసిన కూమరిన్ వాడాడు. ఇప్పుడైతే పువ్వు మీద గాజుబుడ్డి బోర్లించి, చుట్టూ ఉన్న గాలిని లాగి, అందులోని అణువుల్ని గుర్తుపట్టి, ల్యాబ్‌లో మళ్లీ పేర్చొచ్చు. పువ్వు చెట్టుకే ఉంటుంది.

కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి నా మొదటి జవాబు తేలికగానే వచ్చింది: కాపీ చేస్తే అసలు పోదు కదా, ఎవరికేం నష్టం? చట్టానికీ ఇది తేలలేదు. 2006 జూన్‌లో ఫ్రాన్స్ అత్యున్నత కోర్టు పరిమళానికి కాపీరైట్ లేదంది. మూడు రోజులకే నెదర్లాండ్స్ కోర్టు ఉండొచ్చంది. ఆ డిసెంబర్‌లోనే మన పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసి, చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్ని ఏరుకునేవాళ్లకి సొంతం చేసింది. అంటే రాలిన పువ్వు మీద హక్కుంది, గాలిలో వాసన మీద లేదు.

సరే, వాసనని చెట్టు చేసింది, మనుషులు కాదు. నిజమే. కానీ ఏ చెట్టు, ఏ వేళ, ఏ నెల అన్నది తరతరాలుగా గుర్తుపెట్టుకున్నది మనుషులే. ఓపెన్ సోర్స్‌లో కూడా కనీసం రాసినవాళ్ల పేరు చెరపొద్దంటాం. లేబుల్ మీద పేరు వేసి, లాభంలో వాటా ఇస్తే అప్పు తీరినట్టే అనుకున్నాను.

తీరదేమో. ఇంజనీరింగ్ రోజుల్లో ఉట్నూరు నుంచి వచ్చే బస్సులో ఇప్పపువ్వు మూటతో ఒకామె నా పక్కన కూర్చుంది. నేను లేచి వెనక సీటుకి పోయాను. ఆమె ఏమీ అనలేదు, మూటని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. గుడిసెలోంచి వస్తే ఎక్సైజు కేసయ్యే వాసన, గాజు సీసాలోంచి వస్తే కళ అవుతుంది. దొంగతనం అణువుల్లో లేదు, ఈ తేడాలో ఉంది.

రేపు ఆ సీసా వస్తే మణికట్టు మీద రాసుకుంటాను, దోస్తులకి చూపిస్తాను, బహుశా రివ్యూ కూడా రాస్తాను. అందులో బస్సు సంగతి రాస్తానా?