నిందించిన నోటితోనే

సత్తా, బల్వండ్ గురు దర్బారులో రబాబు వాయిస్తూ కీర్తన పాడేవారు. కానుకలు తక్కువ వచ్చాయని అలిగి, తాము పాడకపోతే గురువుకు కీర్తి ఎక్కడిదని వారు అన్నట్లు సిక్కు సంప్రదాయం చెబుతుంది. అప్పుడు గురు అర్జన్ దేవ్ జీ సంగత్‌నే పాడమన్నారు. సామాన్య సిక్కులు వాద్యాలు చేతబట్టారు. కీర్తన ఆగలేదు, వీరిద్దరికే ఆదరణ కరువైంది.

చివరకు లాహోరు వాసి భాయీ లద్ధా వారి తరఫున క్షమాపణ వేడుకున్నారు. నిందించిన నోటితోనే స్తుతించమన్నారు గురూజీ. రామ్‌కలీ రాగంలో వారు పాడిన ఆ 8 పౌడీల ‘వార్’ గురు గ్రంథ్ సాహిబ్‌లో నేటికీ ఉంది.

విద్య దాత ఇచ్చినది, దానిపై గర్వమెందుకు? తప్పు ఒప్పుకున్నవారికి గురువు గౌరవస్థానమే ఇచ్చారు. మనపై అలిగి దూరమైన గాయకుడెవరైనా ఉంటే, నేడే వెళ్ళి పిలుద్దాం.