నావ – గతి – కర్ణధారుడు

సంసారాన్ని సాగరమనడం, దాన్ని దాటించే సాధనాన్ని నావ అనడం మన ఆర్షవాఙ్మయంలో సుపరిచితమైన ఉపమానం. నావ జలరాశిని దాటించినట్లు తమను సకల దుర్గమాలనుండి దాటించమని దుర్గాసూక్తంలో ఋషి అగ్నిదేవుని వేడుకొన్నాడు. గీతాచార్యుడు నాలుగవ అధ్యాయంలో జ్ఞానాన్నే తెప్పగా ఉపదేశించినాడు.

ఈ నావను ఆధారం చేసికొని, ‘నావిగేషన్’ అనే ఆంగ్లపదం మన ‘నౌగతి’ నుండి పుట్టినదని కొందరు ఉత్సాహంతో చెబుతూ ఉంటారు. వినడానికి ఇంపుగానే ఉన్నది. కాని అది యథార్థమేనా?

ఆ పదానికి మూలం లాటిన్ భాష. అందులో ‘నావిస్’ అంటే ఓడ, ‘అగెరె’ అంటే తోలడం, నడపడం. సంస్కృతంలోని ‘నౌ’ శబ్దమూ, లాటినులోని ‘నావిస్’ శబ్దమూ ఒకే ప్రాచీనమూలం నుండి వచ్చిన తోబుట్టువులే కాని తల్లీబిడ్డలు కావు. ‘అగెరె’కు తోబుట్టువు మన ‘అజ్’ ధాతువు, ‘గతి’ కాదు. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలకు ఒక ఉమ్మడి మూలం ఉండవలెనని 1786లో విలియం జోన్స్ కలకత్తాలో ప్రకటించినాడు. తరువాతి పండితుల పరిశోధన దానిని బలపరచినది.

ఇందువలన దేవభాష గౌరవానికి లోటు వచ్చినదా? లేదు. తైత్తిరీయోపనిషత్తులో ఆచార్యుడు శిష్యునికి చేసిన అనుశాసనంలో మొట్టమొదటిది సత్యం పలకడమే. ఆ ఉపనిషత్తు వెలసిన భాషను అసత్యంతో అలంకరించబూనడం భక్తి అనిపించుకోదు.

పైగా అసలు అర్థమే మనకు మేలైన బోధ చేస్తున్నది. గతి వేరు, నడపడం వేరు. ఏటిలో కొట్టుకొనిపోయే దుంగకూ గతి ఉన్నది, గమ్యం మాత్రం లేదు. చుక్కాని పట్టినవాడు ఉన్నప్పుడే నావకు ప్రయాణం.

భాగవతం ఏకాదశస్కంధంలో శ్రీకృష్ణుడు ఉద్ధవునితో, మానవదేహమే నావ అనీ, గురువే కర్ణధారుడనీ, తన అనుగ్రహమే అనుకూలవాయువనీ అన్నాడు. ఇన్ని అమరినా భవసాగరాన్ని దాటనివాడు ఆత్మఘాతకుడని హెచ్చరించినాడు.

మనం రోజులు గడుపుతున్నామా, జీవితాన్ని నడుపుతున్నామా? ఎవరికి వారు వేసికొనవలసిన ప్రశ్న ఇది. ఇంపైన మాట వెంట కొట్టుకొనిపోక, సత్యమనే చుక్కానిని గట్టిగా పట్టుకొనే బుద్ధిని ఆ భవాబ్ధితారకుడు మనకు ప్రసాదించుగాక!