వేరే గరిటె

మా అమ్మది కోహెడ. బీడీలు చుట్టి మమ్మల్ని చదివించింది. అరవై దాటాక, మొన్నటి చలికాలంలో, ఆమెను మొదటిసారి విహారయాత్రకు తీసుకెళ్లాం. మా ఆయనకు ఆఫీసులో ఇచ్చిన కూపనుతో వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో ఒక రిసార్టులో రెండు రోజులకు గది దొరికింది. భోజనం ఖర్చు మాత్రం మాదే.

బయలుదేరే రోజు తెల్లవారుజామున నాలుగింటికే వంటింట్లో లైటు వెలిగింది. లేచి చూస్తే అమ్మ పులిహోర కలుపుతోంది. పక్కన సకినాలు, మామిడికాయ తొక్కు, జొన్నరొట్టెలు. అక్కడ అన్నీ దొరుకుతాయి కదమ్మా అన్నాను. "మీకు దొరుకుతయి బిడ్డా, నాకు దొరకయి" అంది.

అమ్మ నీసు ముట్టదు. అలాగని మాది శాకాహారుల ఇల్లు కాదు. 2014లో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం జరిపిన నమూనా సర్వేలో, తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులని తేలింది. అమ్మ కూడా ఆ 98 శాతంలోనే పుట్టింది. తమ్ముడికి చిన్నప్పుడు జ్వరం తగ్గకపోతే కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుని మాంసం మానేసింది. తమ్ముడు బతికాడు. ముప్పై ఏళ్లుగా వాడికి కోడికూర వండిపెడుతూనే ఉంది. తను మాత్రం తినదు. మన ఇళ్లల్లో ఆడవాళ్ల ఉపవాసాలు, వదులుకోవడాలు చాలావరకు ఇలాంటివే. పుణ్యం ఇంకొకరి ఖాతాలోకి పోతుంది.

రిసార్టులో బఫే. పప్పన్నం తిన్నా, మటన్ బిర్యానీ తిన్నా మనిషికి ఒకటే రేటు. రోజుకు గది అద్దె 7,500 రూపాయలు దాటే హోటళ్లలో భోజనం మీద జీఎస్టీ 18 శాతం. బయటి మామూలు హోటల్లో అయితే 5 శాతమే. మా ఐదుగురి ఒక్కపూట బిల్లు, అమ్మ నెల ఆసరా పింఛను 2,016 రూపాయలను దాటిపోయింది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు ఆ పక్కనే పండుతుంది. కానీ కోడికూర గిన్నెలో ఉన్న గరిటెనే ఎవరో పప్పులోనూ ముంచారు. వేరే గరిటె ఇప్పించమని అడిగాను. అందరూ ఇలాగే తింటున్నారు మేడమ్ అన్నాడు వడ్డించే అబ్బాయి. అమ్మ పెరుగన్నంతో లేచింది.

ఆ రాత్రి గదిలో అమ్మ మూట విప్పింది. బిల్లుకు భయపడి అందరం అదే తిన్నాం. మేం మంచాల మీద కూర్చుంటే ఆమె నిలబడి వడ్డించింది. 2019లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వే లెక్క ప్రకారం, ఇంటివాళ్ల కోసం చేసే జీతంలేని ఇంటిపనికి, ఆ పని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. స్త్రీల శ్రమ గురించి పత్రాలు సమర్పించిన నేను రెండోసారి పులిహోర పెట్టించుకున్నాను. 'చవకైన కుటుంబ భోజనం' అని మనం అంటున్నది అసలు ఎవరికి చవక? అమ్మ నాలుగింటికి లేవడానికి ఖరీదు కట్టనంతకాలమే ఆ భోజనం చవక.

మర్నాడు వికారాబాదులో హోటళ్లు వెతికాం. ఒకచోట 'ప్యూర్ వెజ్' బోర్డు కనిపించింది. ఆకలితో ఉన్నా నా కాలు ముందుకు పడలేదు. ఆ బోర్డుకు ఒక చరిత్ర ఉంది. మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డు మీద నుంచి 'బ్రాహ్మణ' అనే మాటను తీసేయాలని 1957లో పెరియార్ ఉద్యమం నడిపారు. హోటళ్లలోకి ప్రవేశానికి కులం అడ్డు కాకూడదని అప్పటికే రాజ్యాంగం 15వ అధికరణం చెప్పి ఉంది. అయినా మా వైపు పల్లెల్లో చాయ్ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. మాంసం లేని అన్నాన్ని 'శుద్ధం' అన్నామంటే, మాంసం తినే మా ఇంటి అన్నాన్ని ఏమన్నట్టు?

అయితే, నేను అడిగిన వేరే గరిటె కూడా వేరే గ్లాసు లాంటిదేనా? రాత్రంతా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. కాదనే చెప్పుకున్నాను. గరిటె గురించి అడగడం గిన్నెలో ఏముందో అడగడం. గ్లాసు వేరు చేయడం తాగే మనిషిని వేరు చేయడం. మొదటిది తినేవాళ్ల హక్కు. రెండోది ఎదుటివాళ్ల అవమానం.

ఆ బోర్డు దాటి, సందులో ఒకామె నడిపే చిన్న మెస్‌కు వెళ్లాం. జొన్నరొట్టె, పప్పు, వంకాయ కూర, చారు. మాంసం కూడా ఉంది, వేరే పొయ్యి మీద. అడగగానే కడిగిన గరిటె తెచ్చి పప్పులో వేసింది. రేటు గోడ మీదే రాసి ఉంది. మా అందరి బిల్లు రిసార్టులో ఒక్క మనిషి భోజనం ఖరీదంత కూడా లేదు. అన్నీ కుదిరాయని నేను సంబరపడుతుండగా, రొట్టె తుంచబోతూ అమ్మ అడిగింది, "మీరేమోళ్లు బిడ్డా?"

నాకు తల కొట్టేసినట్టయింది. రాత్రి నేను గీసుకున్న గీతను అమ్మ ఒక్క మాటతో దాటేసింది. గరిటె గురించి, కులం గురించి, రెంటినీ అడిగింది ఒకే నోరు.

"అన్నం పెట్టెటోళ్లం పెద్దమ్మా" అని నవ్వి, ఆమె ఇంకో రొట్టె వేసింది. అమ్మ కాసేపు పళ్లెంలోకి చూసి తినడం మొదలుపెట్టింది. ఆమె కులం పేరు చెప్పి ఉంటే అమ్మ ఏం చేసేదో నాకు తెలియదు. నేను ఏం చేసేదాన్నో కూడా. అమ్మను అక్కడే వారించలేదు, ఇంటికొచ్చాక మాట్లాడదాంలే అనుకున్నాను. పెద్దరికాన్ని కాపాడుతున్నానని అప్పుడు అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, నేను ఎవరి గౌరవాన్ని కాపాడానో, ఎవరి గౌరవాన్ని వదిలేశానో స్పష్టంగానే కనిపిస్తోంది.

అమ్మ మొక్కుకు చోటు ఉండాలి. తన మూట తాను మోసుకెళ్లకుండా, కూర్చుని, ఇంకొకరు వడ్డిస్తే తినగలిగే చోటు. అది ఆమె పింఛనుకు అందే ధరలో ఉండాలి. దానికోసం గిన్నె గురించి, గరిటె గురించి ఎన్ని ప్రశ్నలైనా అడుగుతాను. వండిన చేతి గురించిన ప్రశ్న మాత్రం మానాలి, మాన్పించాలి. రెండోది మా ఇంట్లోంచే మొదలుపెట్టాలి.

తిరుగు ప్రయాణంలో సిద్దిపేట దాటాక అమ్మ తనంతట తనే అంది, "గంత మంచిగ పెట్టింది, ఆమె పేరన్న అడగకపోతిమి."

నేనూ అడగలేదు.