ఉమ్మడి సొత్తు - భాగస్వామి హక్కు

 

తిరుపతిలో గానీ, చిత్తూరులో గానీ ఒక మామూలు సంపాదనపరుడు ఒంటరిగా ఇంటి స్థలం కొనడం నేడు ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. రేణిగుంట రోడ్డు వైపు, చంద్రగిరి వైపు, చిత్తూరు బైపాస్ పక్కన ఎక్కడ లేఅవుట్ పడినా ధర వింటేనే గుండె జారుతుంది. అందుకే ముగ్గురో నలుగురో కలుస్తారు. ఒకరికి బట్టల కొట్టు, ఒకరికి మెకానిక్ షెడ్డు, ఇంకొకరు కువైట్‌లో డ్రైవరు. తలా కొంత వేసుకొని స్థలం కొంటారు. ధర పెరిగాక అమ్మి పంచుకుందామనుకుంటారు. లేదా అన్నదమ్ములిద్దరూ ఒకే జాగాలో కింద ఒకరు, మిద్దె మీద ఒకరు ఇల్లు కట్టుకుంటారు.

ఇలా కలవడంలో తప్పేమీ లేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారు కూడా దైవదౌత్యానికి పూర్వం భాగస్వామ్య వ్యాపారం చేసినవారే. మక్కా విజయం తర్వాత ఆనాటి భాగస్వామి హజ్రత్ సాయిబ్ (రజి) వారి సన్నిధికి వచ్చినప్పుడు, తమ పాత భాగస్వామి ఎన్నడూ పేచీ పెట్టలేదనీ, వాదులాటకు దిగలేదనీ ఎంతో ప్రేమగా గుర్తు చేసుకున్నారు. అబూదావూద్‌లోని మరో హదీసు సారాంశం ఏమంటే, ఇద్దరు భాగస్వాములు ఒకరినొకరు మోసగించుకోనంత వరకూ వారి నడుమ మూడవవాడుగా అల్లాహ్ ఉంటాడు. ఒకడు ద్రోహం తలపెట్టగానే ఆ మధ్య నుండి తప్పుకుంటాడు.

అయితే దివ్య ఖుర్ఆన్ ఒక కఠోర వాస్తవాన్ని కూడా మన ముందుంచింది. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) వద్దకు ఇద్దరు తగాదా తెచ్చారు. ఒకనికి 99 గొర్రెలు, రెండవవానికి ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ తనకిచ్చేయమని మొదటివాడు మాటలతో లొంగదీస్తున్నాడు. ఉమ్మడిగా ఉండేవారిలో చాలామంది ఇలాగే ఒకరి మీద ఒకరు దౌర్జన్యం చేస్తుంటారనీ, విశ్వసించి సత్కార్యాలు చేసేవారు మాత్రమే అలా చేయరనీ, అలాంటివారు తక్కువేననీ సూరా సాద్ తెలుపుతోంది. కాబట్టి భాగస్వామ్యంలో దిగేవాడు తాను ఆ కొద్దిమందిలో ఉన్నాడో లేదో ముందు తన మనసును అడిగి చూసుకోవాలి.

మన తగాదాలన్నింటికీ మొదలు ఒకే మాట: "మనం మనం ఒకటే కదా భాయ్, కాగితాలెందుకు?" వినడానికి ఈ మాట ఎంత తియ్యగా ఉంటుందో, పదేళ్ళ తర్వాత అంత చేదుగా మారుతుంది. ఖుర్ఆన్ మొత్తంలో అన్నిటికన్నా పొడవైన ఆయత్ నమాజు గురించి కాదు, ఉపవాసం గురించీ కాదు. అప్పు వ్యవహారాన్ని రాసుకోవడం గురించి, సాక్షుల గురించి. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని సూరా బఖరాలోని ఆ 282వ ఆయత్ బోధిస్తోంది. సహాబాల సమాజానికే ఈ ఆదేశం వస్తే, మన స్నేహాలు అంతకంటే స్వచ్ఛమైనవా?

రాసేటప్పుడు ఏమి రాయాలో కూడా చూడాలి. తిరుపతిలో ఇంటి స్థలాన్ని అంకణాల్లో లెక్కిస్తారు. ఇక్కడ అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు వైపు 72. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లా నుండి సూళ్ళూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు వచ్చి చేరాయి. అంటే రెండు అంకణాలూ ఒకే జిల్లాలో నడిచే పరిస్థితి వచ్చింది. ఆ వైపు మనిషీ ఈ వైపు మనిషీ నోటి మాటతో "యాభై అంకణాలు" అని బేరం కుదుర్చుకుంటే, ఇద్దరూ నిజమే చెబుతూ కూడా సగానికి సగం తేడాలో పడతారు. కొలత తెలియని సరుకు బేరాన్ని షరీఅత్ ఎందుకు వద్దంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. చదరపు అడుగుల్లో, గజాల్లో, హద్దులతో సహా రాయండి.

ఇక పత్రం ఎవరి పేర? ఇది అన్నిటికన్నా బరువైన ప్రశ్న. కువైట్‌లో ఎండకు మాడి ఒకడు డబ్బు పంపుతాడు. ఇక్కడున్న స్నేహితుడు "నువ్వు రాలేవు కదా, ప్రస్తుతానికి నా పేర రాయించుకుంటాను" అంటాడు. 1988 నాటి బినామీ చట్టం, 2016 సవరణ తర్వాత మరింత కఠినమైంది. చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, "డబ్బు నాది, పేరు మాత్రమే అతనిది" అంటూ కోర్టుకెక్కి ఆ ఆస్తిని రాబట్టుకునే దారి లేదు. పైగా అలాంటి ఆస్తిని ప్రభుత్వమే జప్తు చేయవచ్చు. కనుక డబ్బు వేసిన అందరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో సహా, రిజిస్టరైన పత్రంలోనే ఉండాలి.

పేరున్నవాడు "కోర్టు నాదే అంది" అని సంతోషించాడనుకోండి. దైవప్రవక్త (స) తాము కూడా విన్నదాన్ని బట్టే తీర్పు చెబుతామనీ, మాటకారితనంతో సోదరుని హక్కును తనవైపు తిప్పుకున్నవానికి తాము ఇచ్చేది నరకాగ్ని ముక్క మాత్రమేననీ హెచ్చరించారు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది. సాక్షాత్తూ ప్రవక్త (స) నోట వెలువడిన తీర్పే పరాయి సొత్తును హలాల్ చేయలేదంటే, సబ్‌రిజిస్ట్రార్ ముద్ర చేస్తుందా?

లాభనష్టాల మాట కూడా కొంత చెప్పుకోవాలి. "నువ్వు 5 లక్షలు వెయ్యి, స్థలం అమ్ముడుపోయినా పోకపోయినా రెండేళ్ళకు 7 లక్షలిస్తాను" అనే ఒప్పందాన్ని చాలామంది భాగస్వామ్యం అనుకుంటున్నారు. అది భాగస్వామ్యం కాదు, వడ్డీ. పేరు మారినంత మాత్రాన పాపం మారదు. వ్యాపార భాగస్వామ్యంలో లాభాన్ని ముందుగా ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకోవాలి. తిరిగి పనిచేసేవానికి కొంత ఎక్కువ వాటా ఒప్పుకోవచ్చు. నష్టాన్ని మాత్రం ఎవరి పెట్టుబడిని బట్టి వారు భరించాలి. లాభంలో కూర్చొని నష్టంలో లేచిపోయేవాడు భాగస్వామి కాడు.

ఇప్పుడు మనవాళ్ళు దాదాపు మరచిపోయిన ఒక హక్కును గూర్చి వివరంగా చెప్పదలచాను. అదే షుఫా. విభజన జరగని ఉమ్మడి స్థలంలో, తోటలో తన వాటాను భాగస్వామికి తెలియజేయకుండా అమ్మడం తగదని దైవప్రవక్త (స) ఉపదేశించారు. భాగస్వామి కావాలంటే తీసుకుంటాడు, వద్దంటే వదిలేస్తాడు. చెప్పకుండా అమ్మితే అతనికే ఎక్కువ హక్కు ఉంటుంది. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ముందు భాగస్వామి, ఆ తర్వాత దారిలో, నీటిలో వాటా ఉన్నవాడు, ఆ తర్వాత ఆనుకొని ఉన్న పొరుగువాడు. అయితే ఇది ధర తగ్గించే ఆయుధం కాదు. బయటివాడు ఇచ్చే ధరే ఇతనూ ఇవ్వాలి. వార్త తెలిసిన వెంటనే అడగాలి, నాన్చకూడదు.

సహాబాలు దీన్ని ఎలా పాటించారో చూడండి. దైవప్రవక్త (స) విముక్తి చేసిన హజ్రత్ అబూ రాఫె (రజి)కి, హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఇంటి ఆవరణలో రెండు గదులుండేవి. ఆయన సఅద్ వద్దకు వెళ్ళి వాటిని కొనమన్నారు. సఅద్ మొదట వద్దన్నారు. అక్కడున్న హజ్రత్ మిస్వర్ (రజి) కొనాల్సిందేనని పట్టుబట్టారు. సరే, 4,000 దిర్హములకు మించి ఇవ్వను, అదీ వాయిదాల్లో ఇస్తాను అన్నారు సఅద్. అబూ రాఫెకు అప్పటికే బయటివారు 500 దీనార్లు ఇస్తామన్నారు. ఆనాటి లెక్కన దీనారుకు పది దిర్హములనుకున్నా అది 5,000. పైగా అది చేతికందే సొమ్ము. అయినా పొరుగువానికే ఎక్కువ హక్కు ఉందని ప్రవక్త (స) నోట విన్నాను కాబట్టే మీకిస్తున్నాను, లేకుంటే ఇచ్చేవాణ్ణి కాను అని ఆయన తక్కువ ధరకు, వాయిదాల మీద ఇచ్చేశారు (బుఖారీ). అంత తగ్గించి ఇమ్మని షరీఅత్ ఆయన్ను బలవంతపెట్టలేదు. అది ఆయన ఔదార్యం. కానీ పక్కవాణ్ణి ముందుగా అడగడం మన విధి.

మన ప్రాంతంలో దీనికి ఇంకో కోణం ఉంది. తిరుపతి, చిత్తూరు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివి. షుఫా హక్కును ఈ ప్రెసిడెన్సీలో అమలు చేయబోమని మద్రాసు హైకోర్టు 1870లోనే తీర్పు చెప్పింది. 1937 నాటి షరీఅత్ చట్టం పేర్కొన్న అంశాల్లోనూ షుఫా లేదు. కాబట్టి ఇక్కడ ఒక భాగస్వామి చెప్పాపెట్టకుండా తన వాటాను బయటివానికి అమ్మేస్తే, షుఫా పేరుతో రెండవవాడు కోర్టుకు వెళ్ళడానికి సాధారణంగా వీలుండదు. 1893 నాటి పార్టిషన్ చట్టం మాత్రం ఒక సందర్భంలో ఆదుకుంటుంది. ఉమ్మడి కుటుంబపు నివాస గృహంలో వాటా కొన్న బయటివాడు విభజన కోరుతూ దావా వేస్తే, ఆ వాటాను ధర కట్టించి తామే కొంటామని కుటుంబ సభ్యులు అడగవచ్చు. ఖాళీ ప్లాటుకు ఆ అవకాశం కూడా లేదు. చట్టం అడగదు గదా అని ఊరుకునేవాడు వేరు, అల్లాహ్ అడుగుతాడని భయపడేవాడు వేరు. షుఫా మన దగ్గర ఈమాన్ మీదే నిలబడి ఉంది.

రెరా చట్టం (2016) సంగతీ అంతే. 500 చదరపు మీటర్లు మించని స్థలానికి, 8 ఫ్లాట్లు మించని కట్టడానికి దాని రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నలుగురు మిత్రులు చేసే చిన్న వ్యాపారం చాలావరకు ఆ గీతకు ఇవతలే ఉంటుంది. కొనేవాడు మన మాటనే నమ్మి కొంటున్నాడు. డీకేటీ పట్టా భూమినో, చెరువు పోరంబోకునో, మఠం మాన్యాన్నో, వక్ఫ్ భూమినో తెలిసీ "క్లియర్ టైటిల్" అని చెప్పి అంటగట్టడం ఎంత ఘోరమో వేరే చెప్పాలా? జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ఏడు భూముల బరువు తగిలించబడుతుందన్న హదీసు మనం పిల్లలకు చెబుతుంటాం. బ్రోకర్లకూ చెప్పాలి.

అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాయించుకొని, రిజిస్టరు కాకముందే ఇంకొకరికి అమ్మే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. స్థిరాస్తిని స్వాధీనానికి ముందే అమ్మవచ్చా అన్న విషయంలో మన ఇమాముల మధ్య అభిప్రాయ భేదం ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్) అనుమతించారు, ఇమామ్ ముహమ్మద్ (రహ్) అనుమతించలేదు. కానీ ఆ చర్చంతా కొనుగోలు పూర్తయిన ఆస్తిని గురించి. మన అగ్రిమెంటు కొనుగోలు కాదు, అమ్ముతానన్న వాగ్దానం మాత్రమే. ఈ దేశపు చట్టం కూడా అదే చెబుతోంది. నీది కానిదాన్ని అమ్మవద్దని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి)కి ప్రవక్త (స) చేసిన ఉపదేశం ఇక్కడ వర్తిస్తుంది.

కింద, మీద ఇళ్ళు కట్టుకున్న అన్నదమ్ముల విషయానికొస్తే, ఓడలోని రెండు అంతస్తుల ఉపమానం అందరూ విన్నదే. కిందివారు పైవారిని నీళ్ళకోసం ఇబ్బంది పెట్టడమెందుకని ఓడ అడుగున రంధ్రం చేయబోతారు. పైవారు ఆపకపోతే అందరూ మునుగుతారు. ఇమామ్ బుఖారీ (రహ్) ఈ హదీసును భాగస్వామ్య ప్రకరణంలో కూడా చేర్చారు. ఎందుకంటే అందులో ఎవరికి ఏ అంతస్తో చీటీలు వేసి నిర్ణయించుకున్నారు. మనమూ ప్లాట్లు పంచుకునేటప్పుడు రోడ్డు వైపు ఎవరికి, లోపలి వైపు ఎవరికి అని కలహించే బదులు చీటీలు వేసుకోవచ్చు. మెట్లు, బోరు మోటారు, మిద్దె పైభాగం ఎవరివో ఇల్లు కట్టకముందే రాసుకోండి. కోడళ్ళు వచ్చాక రాసుకోవడం కష్టం (ఈ మాటకు సోదరీమణులు కోపగించకూడదు).

అమ్మే ఉద్దేశంతో కొన్న స్థలం వ్యాపార సరుకు. ప్రతి ఏటా ఆనాటి మార్కెట్ ధర ప్రకారం ఎవరి వాటాకు వారు రెండున్నర శాతం జకాత్ చెల్లించాలి. నివాసానికి కొన్నదానిపై జకాత్ లేదు.

చివరిగా భాగస్వామి మరణం. వ్యాపార ఒప్పందం అక్కడితో ముగుస్తుంది, అతని వాటా వారసులది అవుతుంది. మన దగ్గర తరచుగా జరిగేదేమిటి? "వదినా, భాయ్ వేసిన 2 లక్షలు ఇవిగో" అని మిగిలినవారు ఆ వితంతువు చేతిలో పెట్టి, తాము గొప్ప మేలు చేసినట్లు భావిస్తారు. ఆ స్థలం నేడు పదింతలైతే ఆమెకూ, ఆ అనాథ బిడ్డలకూ రావలసింది నేటి విలువలో వాటా, ఆనాటి 2 లక్షలు కాదు. సంతానముంటే భార్యకు ఎనిమిదవ వంతు, మిగతాది షరీఅత్ ప్రకారం తల్లిదండ్రులకూ, కొడుకులకూ, కూతుళ్ళకూ చెందుతుంది. అనాథల సొమ్ము తినేవారు తమ కడుపుల్లో నింపుకునేది అగ్నినేనని సూరా నిసా హెచ్చరించింది.

ఆమెకు ఆ స్థలం ఉన్నట్టే తెలియకపోతే అడిగేదెవరు? వీలునామా రాయాల్సిన విషయం ఉన్నవాడు రెండు రాత్రులైనా అది రాసి పెట్టకుండా గడపరాదని ప్రవక్త (స) చెప్పిన మాటను హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) విన్నారు. విన్ననాటి నుండి ఒక్క రాత్రి కూడా అలా గడపలేదు. మీరు కూడా ఒక కాగితం తీసుకోండి. స్థలం ఎక్కడుంది, సర్వే నంబరెంత, భాగస్వాములెవరు, ఎవరు ఎంత వేశారు, పత్రం ఎవరి దగ్గరుంది, ఇవ్వవలసిన బాకీ ఎంత, అన్నీ రాసి, ఇద్దరితో సాక్షి సంతకాలు పెట్టించి, ఇంట్లో ఆమెకు చూపించి బీరువాలో పెట్టండి.